నేను తినని లడ్డూ

ఎనిమిదో తరగతిలో ఉండగా బోధన్ వైపు ఒక పోలీస్ స్టేషన్లో, వేలితో కూడా ముట్టని అయిదు కిలోల లడ్డూను నేనొక్కడినే తిన్నానని ఒప్పుకున్నాను.

ఆ లడ్డూ మా వాడకట్టు వినాయకుడి చేతిలోది. మా వైపు నిమజ్జనం రోజు దాన్ని వేలం వేస్తారు. పాడుకున్నవాళ్లు ఇరుగుపొరుగుకు పంచి, మిగిలింది పొడి చేసి పొలంలో చల్లుతారు, పంట బాగా వస్తుందని. ఏటా మోతుబరి ఒకాయనే పాడుకునేవాడు. ఆ ఏడు వేలానికి ముందురోజు పొద్దున చూస్తే దేవుడి చెయ్యి ఖాళీ. మండపంలో పడుకున్నది పిల్లలం. అందరికంటే బొద్దుగా ఉన్నది నేను. విచారణ అక్కడే సగం అయిపోయింది.

బడికి పోతుంటే కానిస్టేబుల్ బండి ఎక్కించుకుని పోయాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. స్టేషన్లో ఎస్సై బెంచీ మీద కూర్చోబెట్టి, చాయ్ కూడా ఇప్పించి, "నిజం చెప్పు. లేకుంటే మీ బాపును పిలుస్త" అన్నాడు.

చిన్నపిల్లల్ని అడిగేటప్పుడు కన్నవాళ్లు పక్కన ఉండాలని ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు కావలసిందల్లా బాపు రాకపోవడం. ఆయన చెయ్యెత్తేవాడు కాదు, ఊరికే చూసేవాడు. ఆ చూపుకంటే జైలు నయమనిపించింది.

"నేనే తిన్న సార్."

"ఒక్కనివే?"

"ఆ సార్."

"గంత లడ్డు ఎట్ల తిన్నవ్ రా?"

"నీళ్లు తాగుకుంట తిన్న సార్."

కానిస్టేబుల్ నన్ను కింది నుంచి పైదాకా చూసి నమ్మేశాడు. అతను అంత తేలిగ్గా నమ్మడం నాకిప్పటికీ బాధే.

అంతలో బాపు రానే వచ్చాడు. హోటల్ దగ్గర నన్ను చూసినవాళ్లెవరో పోయి చెప్పారట, పసుపు చేనులోంచి మోకాళ్లదాకా బురదతో అలాగే వచ్చాడు. నా ప్రాణం పోయింది. ఆయన నా వైపు చూడనేలేదు.

"పోరన్ని ఇడువుండ్రి సార్. లడ్డు నేను తీసిన. మా పసుపుల సల్లిన. ఏటా లడ్డు పాడుకునేటాయన పంటనే మంచిగొస్తది, పాడుదామంటే మాతోని కాదాయె." తర్వాత గొంతు తగ్గించాడు. "జర మా అవ్వకు మాత్రం చెప్పకుండ్రి."

బాపు వాళ్ల అవ్వ, అంటే మా నాయనమ్మ, కబురంది అప్పటికే ఆటో దిగి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. కుర్చీ లాక్కుని బాపు పక్కన కూర్చుంది.

"పోరన్ని ఒక్కన్ని కూసోవెట్టి అడుగుడేంది సారూ? ఇగ నా కొడుకునైతే ఏమడుగుతరో నా ముంగట అడుగుండ్రి."

ఆ రోజు ఆ స్టేషన్లో పెద్దదిక్కును పక్కన పెట్టుకుని విచారణ జరిగింది నలభై ఏళ్ల మా బాపుకే.

కొత్త లడ్డూ చేయించి ఇస్తామని ఒప్పుకుని బయల్దేరాం. ఆటోలో నాయనమ్మ మా ఇద్దరి మధ్య కూర్చుంది.

"తినంది తిన్ననని ఎందుకు చెప్పినవ్ రా?" అన్నాడు బాపు.

"నిన్ను పిలుస్తమన్నరు."

"నేనంటే గంత భయమా?" అని బాపు మెల్లగా అడిగాడు. నాకు ఏడుపొచ్చింది. జవాబు నాయనమ్మ చెప్పింది.

"నీకు నేనంటే లేదా?"

బాపు రోడ్డు వైపు తిరిగాడు. కాసేపటికి నాయనమ్మ వీపు వెనక నుంచి, ఆమెకు కనబడకుండా, చెయ్యి చాపి నా భుజం మీద వేశాడు.