భుజం మీద ఆది తాళం

చిన్నప్పటి నుంచి కచేరీల్లో కూర్చుని, తొడ మీద తాళం వేస్తూ పాడినదాన్ని. నలభై దాటాక గిటార్, డ్రమ్స్ బృందంతో కలిసి అవే కీర్తనలు నిలబడి పాడటం మొదలుపెట్టాను. నిలబడితే నా కుడిచేతిని ఏం చేసుకోవాలో తోచేది కాదు.

ఆ మధ్య హైటెక్ సిటీలో ఒక కంపెనీ వార్షికోత్సవంలో పాడుతున్నాం. "అక్కా, గట్ల బొమ్మలెక్క నిలబడకు. జర కిందికి దిగి జనంల పాడు" అన్నాడు మా డ్రమ్మర్ నరేష్. ఎడమచేత్తో మైకు పట్టుకుని దిగాను. స్వరాలు పాడే ఊపులో కళ్లు మూతపడ్డాయి. నవ్వులు వినిపించి తెరిచి చూస్తే, ముందు వరస చివర కూర్చున్న కంపెనీ పెద్దాయన భుజం మీద నా అరచెయ్యి టపటపా ఆది తాళం వేస్తోంది! బ్యాండ్ వాయిస్తూనే ఉంది, నా గొంతు మాత్రం ఆగిపోయింది.

ఆయన తల తిప్పకుండానే, "మా అమ్మ పాడేటప్పుడు నా వీపు మీదే తాళం వేసేదండి. మధ్యలో ఆపకండి, కానివ్వండి" అన్నారు. కీర్తన అక్కడే నిలబడి పూర్తిచేశాను.

ఇప్పుడు ప్రతి ప్రోగ్రాంలోనూ నరేష్ నా పక్కన ఒక ఎత్తు స్టూలు వేస్తున్నాడు. తాళానికి హాయిగానే ఉంది. కానీ ఎంత కొట్టినా అది "కానివ్వండి" అనదు కదా!

- సుభద్ర, కూకట్‌పల్లి