లోపలివైపు అంటించిన నోటీసు

రోడ్డు వెడల్పు కోసం వడ్రంగి బాబాయి కొట్టు కూల్చాలా వద్దా అన్నది వార్డు సమావేశంలో తేలుస్తారట. దానికి ఎవరైనా రావచ్చని చట్టం. అదెప్పుడో కనుక్కోవడానికే ఆయన వార్డు ఆఫీసు చుట్టూ పదకొండుసార్లు తిరిగి రెండు జతల చెప్పులు అరగదీశాడు.

పన్నెండోసారి గుమాస్తా విసుక్కున్నాడు. "నోటీసు తలుపుకి అంటించాం కదయ్యా!"

"ఎక్కడ? కనబడదే!"

"లోపలివైపు. బయటైతే వానకి తడిసిపోదూ?"

"తలుపెప్పుడు తీస్తారు నాయనా?"

"సమావేశం అయ్యాక. ఇప్పుడు లోపల అదే జరుగుతోంది."

బాబాయికి ఒళ్లు మండిపోయింది. గుమాస్తా ఆవలించి నోరు మూసేలోగా తలుపు బందుల మరలన్నీ ఊడదీసి, తలుపును భుజాన వేసుకుని సభ్యుల మధ్యకు నడిచాడు.

"నోటీసు చదువుకునే వచ్చానండీ," అంటూ దాన్ని బల్లమీద పడేశాడు. "నా కొట్టు సంగతి నా ఎదురుగానే తేల్చండి."