విసురు మేస్త్రి చివరి విసురు

ఆపరేషన్ బల్ల మీద, ఒళ్లు తెలియని మత్తులో ఉండి కూడా, విసురు మేస్త్రి కుడిచెయ్యి ఒక్కసారి పైకి లేచి, డాక్టరమ్మ మొహం వైపు సిమెంటు మాలు విసిరినట్టు ఊగిందట. ముగ్గురు నర్సులు వేలాడితే గానీ ఆ చెయ్యి కిందికి దిగలేదట. చూసినవాళ్లు లేరు. ఆసుపత్రి నుంచి ఎవరో వచ్చి చెప్పారంటారు, ఆ వచ్చిన మనిషెవరో ఎవరికీ తెలియదు. అయినా మా వీధిలో దీన్ని నమ్మనివాళ్లు లేరు. ఆ చెయ్యి సంగతి మాకు తెలుసు మరి.

ఆయన మా పక్కింటి తాపీ మేస్త్రి, నాకు వరసకి అన్నయ్య, వాళ్లావిడ వదిన. గోడలకు ప్లాస్టరింగ్ చేస్తాడు. మిగతా మేస్త్రీలు గోడకు ముక్కు ఆనించి సిమెంటు మాలు అద్దుకుంటూ పోతారు. ఈయన అల్లంత దూరంలో నిలబడి, తాపీతో ఇనప గమేళాలోంచి ఇంత ముద్ద తీసుకుని, మణికట్టును ఒక్క విదిలింపు విదిలించేవాడు. చప్‌మని వెళ్లి గోడను కరుచుకునేది. జారేది కాదు, చిందేది కాదు. వీధిలోంచి విసిరితే పడగ్గది గోడకు అంటుకోవడం నా కళ్లతో చూశాను. సరే, వీధిలోంచి కాదు, గుమ్మంలోంచి. ఇల్లు కట్టించుకునేవాళ్లు ఆ విసురు చూడ్డానికే కుర్చీలు తెచ్చి వేసుకునేవాళ్లు.

పక్కనే బావమరిది ఉండేవాడు, వదిన తమ్ముడు. అతన్ని అందరం మట్టం అంటాం. రసమట్టం పెట్టి వాలు చూసుకోకుండా తినే కంచం కూడా కింద పెట్టడు. బావ విసరడం, మట్టం చదును చేయడం, అదీ వాళ్లిద్దరి పని.

ఎప్పుడో పరంజా మీంచి జారి చేతి మీద పడ్డాడు అన్నయ్య. బెణికిందని గుడ్డ చుట్టుకుని మర్నాడే పనిలోకి దిగాడు. మణికట్టు లోపల విరిగిన చిన్న ఎముక అతుక్కోలేదు, ఏళ్ల తరబడి పక్క ఎముకల్ని అరగదీసింది. చివరికి తాళంచెవి తిప్పినా కళ్లమ్మట నీళ్లు వచ్చే దాకా వచ్చింది.

ఎక్స్‌రే ఫొటో తీసి చూసిన డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది.

"మణికట్టు మొత్తం కలిపేసి ప్లేటు బిగిస్తే నొప్పి పోతుంది. కానీ ఇక వంగదు. కాదంటే కొన్ని ఎముకలే కలుపుతాను. కొంచెం వంగుతుంది, కొంచెం నొప్పీ ఉంటుంది. మీ పనికి ఏది కావాలో మీరే తేల్చుకోండి."

తేల్చుకోవడానికని మోచేతి కింద నుంచి అరచేతి దాకా వచ్చే పట్టీ ఒకటి ఇచ్చింది. లోపల రేకు ఉంటుంది, చెయ్యి వంగనివ్వదు.

"ఇది పెట్టుకుని పని చేయండి. మొత్తం బిగిస్తే మీ చెయ్యి ఇలాగే ఉంటుంది. ఏ పని చేతకావడం లేదో నాకొచ్చి చెప్పండి."

అన్నయ్య ఆ పట్టీతో ఇంట్లో తిన్నాడు, తల దువ్వుకున్నాడు, వీధిలో అందరికీ చూపించాడు. పనిలోకి వెళ్లగానే మాత్రం విప్పేసి పరంజా కర్రకు తగిలించేవాడు. కుర్చీలేసుకుని కూర్చున్నవాళ్ల ముందు విసురు తప్పితే తల ఎక్కడ పెట్టుకోవాలి?

"బావా, పనిలో పెట్టుకోమంది కదా డాక్టరమ్మ!"

"నువ్వు గోడ చూడరా. నా చెయ్యి చూడకు."

"అక్కతో చెప్తా."

"చెప్పు. నువ్వు పెళ్లిచూపుల్లో పిల్ల కూర్చున్న కుర్చీకి మట్టం పెట్టిన సంగతి నేనూ మీ ఆవిడతో చెప్తా."

మట్టం నోరు మూసుకున్నాడు.

మళ్లీ ఆసుపత్రికి వెళ్లినప్పుడు డాక్టరమ్మ అడిగింది, పని ఎలా సాగిందని.

"ఫస్ట్‌క్లాసు డాక్టరమ్మా! పని చేస్తుంటే చేతికి పట్టీ ఉన్నట్టే లేదు."

అందులో అబద్ధం లేదు కూడా. పక్కన మట్టం నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. గచ్చు వాలు చూస్తున్నాడనుకుని ఉంటుంది ఆవిడ. మొత్తం బిగించేసింది.

కట్టు ఉన్నన్నాళ్లూ వీధికి నిద్ర లేదు. ఎవరింటికి వెళ్లినా ఆ కట్టుతో గోడ మీద టకటకా కొట్టి, చెవి ఆనించి, "ఇక్కడ బోలు. ఎవడు చేశాడమ్మా?" అనేవాడు. మా వంటగది గోడను కూడా బోలన్నాడు. ఆ గోడ చేసింది ఆయనే. చొక్కా గుండీలు వదిన పెట్టేది. కట్టు తీశాక వేళ్లు బిగుసుకుపోకుండా మెత్తటి ముద్ద ఏదైనా పిసకమన్నారు. వదిన తడిపిన పిండి తెచ్చి చేతిలో పెట్టింది.

"పిసకండి, పిసకండి. కాపురానికొచ్చిన ఇన్నేళ్లకి వంటింట్లో చెయ్యి పెట్టారు. నాకూ ఒక ఆపరేషన్ అయినట్టే ఉంది."

ఒకరోజు పొద్దున్నే వాళ్ల తలుపు తాళం పడుతోంది, తీస్తోంది, మళ్లీ పడుతోంది. వెళ్లి చూస్తే అన్నయ్య చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు.

"చూడు చెల్లెమ్మా, నొప్పి లేదు! ఇసుమంతైనా లేదు!"

మళ్లీ ఒకసారి తాళం తిప్పి చూపించాడు.

పనిలోకి దిగిన రోజు వీధి వీధంతా వెళ్లాం. ఊరంతా వచ్చిందన్నా తప్పు లేదు. ఎవరిదో కొత్త ఇల్లు, వంటగది గోడ. మట్టం మాలు కలిపిపెట్టాడు. అన్నయ్య ఎప్పటిలాగే దూరంగా నిలబడ్డాడు, తాపీ నిండా తీసుకున్నాడు, విసిరాడు. మణికట్టు కదల్లేదు. భుజం దగ్గర్నుంచి చెయ్యంతా తలుపు రెక్కలా వచ్చింది. ముద్ద తాపీని ఓ పట్టాన వదల్లేదు, వదిలాక గోడ దాకా పోలేదు, తిరిగి ఆయన కాళ్ల మీదే పడింది.

మళ్లీ విసిరాడు. మళ్లీ కాళ్ల మీదే.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. కుర్చీలు ఒక్కొక్కటే మడిచేసుకుని వెళ్లిపోయారు.

"కొంచెమే కలపమని ఉంటే ఎంత వంగేదిరా?" అన్నాడు అన్నయ్య, చెయ్యి వైపే చూస్తూ.

"ఏమో బావా. కొంచెం."

"కొంచెం చాలు కదరా దీనికి."

"ఆ రోజు నేను నోరు విప్పాల్సింది బావా. పట్టీ పరంజాకి తగిలించాడని డాక్టరమ్మతో ఒక్క ముక్క..."

"నీదేముందిరా. పట్టీ ఇచ్చింది నాకు."

కాసేపటికి అన్నయ్య తాపీ కడిగి మట్టం చేతిలో పెట్టాడు. గోడ నునుపు చేసే చెక్క తను తీసుకున్నాడు. దానికి మణికట్టు వంగక్కర్లేదు, భుజం బలం చాలు. అప్పట్నుంచీ మట్టం గోడకు ముక్కు ఆనించి అద్దుతాడు, అన్నయ్య వెనకాలే రుద్దుకుంటూ పోతాడు. అద్దంలా చేస్తాడు, అందులో మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. కానీ చూడ్డానికి ఎవరూ కుర్చీ తెచ్చుకోరు.

వదిన ఆ పట్టీని పారేయలేదు. దాన్ని చూసినప్పుడల్లా అంటుంది, "ఇది పెట్టుకుని ఒక్క పూట, ఒక్క ముద్ద, ఎవరూ లేనప్పుడు విసిరి చూసుకున్నా సరిపోయేది" అని.

నాకేమనిపిస్తుందంటే, ఆ నర్సులు వేలాడిన మాట నిజమే అయ్యుంటుంది. బిగించేస్తున్నారని ఆ చేతికి తెలిసి, ఆఖరిసారి విసిరి ఉంటుంది. అదీ గాలికి పోయింది.

మొన్న మా వంటగది గోడ బాగుచేయడానికి వచ్చినప్పుడు ఇదంతా అన్నయ్యకే చెప్పాను. చెక్క ఆపకుండా విన్నాడు.

"ఎవరు పుట్టించారు చెల్లెమ్మా ఇవన్నీ? మత్తులో ఉన్నవాడు చెయ్యెలా ఎత్తుతాడు? పట్టీ నేను విప్పనే లేదు. కాళ్ల మీద ఏ మాలూ పడలేదు."

"మరి ఆ విసురు?"

కొంచెంసేపు గోడనే రుద్దాడు.

"ఏ విసురు? నేనెప్పుడు విసిరాను? విసిరేది మా మట్టం. నేను మొదట్నుంచీ నునుపు పనే."

మట్టం గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఈసారి కూడా నోరు విప్పలేదు.