ఎడిటర్ గారు చదివిన వ్యాసం

చివరి రోజు మధ్యాహ్నం సిరిసిల్ల ఆసుపత్రిలో నా భార్య విమల ఒకటే అడిగింది, "శేఖర్ సదివిండా?" అని. శేఖర్ కోరుట్లలో ఒక మాసపత్రికకు ప్రధాన సంపాదకుడు. కాలేజీ రోజుల నుంచి నాకు తమ్ముడిలాంటివాడు. తన పత్రికలో తాను చదవని అక్షరం ఉండదని అంటుంటాడు. విమల జీవితంలో రాసిన ఒకే ఒక్క వ్యాసం అప్పుడు అతని దగ్గర ఉంది. ఫోన్ చేసి ఆమె చెవి దగ్గర పెట్టాను.

"సదివిన వదినా, కండ్లల్ల నీళ్లొచ్చినయ్" అన్నాడు.

ఆమె నవ్వింది. సాయంత్రానికి పోయింది.

ఈ రోజు ఆ వ్యాసం అచ్చయి వచ్చింది. కింద విమల పేరు లేదు, శేఖర్ కూతురి పేరు ఉంది. వెంటనే ఫోన్ చేశాను.

"బిడ్డకు లెక్చరర్ ఇంటర్వ్యూ ఉన్నదన్నా. పేరు అచ్చయితే పనికొస్తదని ఏసిన. వదిన ఉన్నా ఏమనకపోతుండె."

"నిద్రల గూడ పిల్లలకు ఎక్కాలు చెప్పే మా ఆయన అని ఉన్నది గందుల. గది నేను తమ్మీ. నీ బిడ్డకు పెండ్లే గాలేదు గద?"

ఫోన్లో గబగబా పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

"గట్ల రాసి ఉన్నదా?" అన్నాడు.

పెళ్లికాని కూతురికి పత్రికలో మొగుణ్ని అంటగట్టిన ప్రధాన సంపాదకుడు ఇంకెక్కడైనా ఉంటే మీరే చెప్పండి. పేరు మార్చినందుకు కోపం వచ్చింది. కానీ చదవకుండానే ఆమెతో చదివానని అన్నాడే, అది మింగుడు పడటం లేదు.

రేపు పొద్దున్నే కోరుట్ల బస్సెక్కుతాను. అతని ఎదురుగా కూర్చొని, ఆ వ్యాసం మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపిస్తాను.