బొమ్మ కింద రాసే మాట

పెనుకొండ నుంచి ఫోను వచ్చేసరికి పప్పు పొయ్యి మీద ఉంది. మా కంప్యూటర్ సార్ తెల్లవారుజామున పోయారని వాళ్ళ తమ్ముడు చెప్పారు. పొయ్యి ఆపేశాను.

సార్ హిందూపురంలో కంప్యూటర్లు నేర్పేవారు. ధర్మవరంలో మాకు రెండు మగ్గాలు. చీరలు కదలక, ఒక మగ్గం తీసేద్దామని మా ఆయన అంటున్న రోజులవి. దూరపు గిరాకీ వస్తుందని ఇంటర్నెట్లో పేజీ పెట్టించాం. నెలలు గడిచినా ఒక్కరూ అడగలేదు. చీరల పేర్లు, రంగులు అన్నీ ఫొటోల మీదే వంపుల అక్షరాలతో వేయించాం, పెళ్ళి పత్రికలాగా.

మా ఆయన అడిగితే సార్ ఆ పేజీ చూసి, ఆదివారం ప్యాసింజర్ రైల్లో వచ్చారు.

"ఇంటర్నెట్లో వెతికే యంత్రానికి కండ్లు ల్యావమ్మా. బొమ్మలో రాసింది దానికి కనపడదు. విడిగా అక్షరాల్లో రాస్తేనే చదువుకుంటాది."

"ఏం రాయాల సార్?"

మా అత్తకు చూపు పోయి చాలా ఏళ్ళయింది. సార్ ఒక చీర తీసి ఆమె ఒళ్ళో పెట్టారు. "ఇదెట్లుండాదో అవ్వకి చెప్పమ్మా."

"శానా బాగుండాది అత్తా."

"బాగుండాదని అమ్మేవాళ్ళంతా అంటారు. రంగేందో చెప్పవే," అంది అత్త.

"వంకాయ రంగు. ఆకుపచ్చ అంచు. కొంగు నిండా జరీ మామిడి పిందెలు."

"ఆఁ, ఇప్పుడు కనపడతాండాది."

సార్ కాగితం మీద రాసుకున్నారు. హిందూపురం పోయి ఇంగ్లీషులో పేజీకి ఎక్కించారు. ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు వచ్చారు. బొరుగుల ఉగ్గాని పెడితే బజ్జీ ఏదని అడిగేవారు. ఇంటి జమాఖర్చు రాసినట్టే రంగు, అంచు, కొంగు వరుసగా చెప్పేదాన్ని. చీర ఒళ్ళో పెట్టుకుని, ఆయనా కళ్ళు మూసుకుని వినేవారు. నేను పొగడ్తలోకి దిగితే ఆపేవారు. "ఉండేది ఉండేట్లు చెప్పమ్మా. పొగడ్తని ఎవురూ వెతకరు." ముందు పేజీ నుంచి ప్రతి చీరకూ నొక్కితే వెళ్ళే దారి పెట్టారు. "దోవ లేని ఇంటికి ఎవురొస్తారు?" అనేవారు.

కొన్నాళ్ళకు ఎవరో దూరపు ఊరామె ఫోను చేసింది. వంకాయ రంగుకు ఆకుపచ్చ అంచున్న చీర ఇంకా ఉందా అని అడిగింది. ఒకటొకటిగా ఇంకొన్ని ఫోన్లు వచ్చాయి. మా ఆయన మగ్గం తీసేసే మాట మళ్ళీ ఎత్తలేదు. సార్‌కు చెబితే, "ముందు అవ్వకి చెప్పమ్మా," అన్నారు.

మొన్న మా పేజీలో సార్ ఫొటో పెట్టాం. బొమ్మ కింద మాట రాయకుండా వదలకూడదు కదా. "మహనీయులు" అని మొదలుపెట్టి కొట్టేశాను. మళ్ళీ రాశాను:

తెల్ల చొక్కా. నెరిసిన మీసం. ఒళ్ళో వంకాయ రంగు చీర. కళ్ళు మూసుకుని వింటున్నారు.