పిడికెడు జొన్నల పిల్ల

నచ్చిన సరుకు మీద చూపు నిలపకూడదని మా బాపు నాకు చిన్నప్పుడే నేర్పాడు. సుల్తానాబాద్‌లో మాది కిరాణా దుకాణం. సరుకు కొనడానికి నన్ను వెంటబెట్టుకుపోయినప్పుడు, కావలసిన బస్తాను వదిలేసి పక్క బస్తాలో చెయ్యి పెట్టి మూతి విరిచేవాడు. ఆ విద్య నాకు బాగానే అబ్బింది. పురిటి నొప్పులు పడుతూ కూడా కరీంనగర్ పోయే కారు కిరాయి తగ్గించమన్నానని మా ఆయన ఇప్పటికీ నలుగురిలో చెప్పి నవ్విస్తాడు.

అట్లాంటిదాన్ని, ఆ పురిట్లో పుట్టిన ఆడపిల్ల మీద నుంచి మాత్రం చూపు తిప్పుకోలేకపోయాను.

ముందు పుట్టిన ఇద్దరూ నిలవలేదు. బాబు తొమ్మిది రోజులు. తర్వాత పాప, ఇరవై రోజులు. ఇద్దరికీ పుట్టకముందే పేర్లు వెతికిపెట్టాం. పాపది ఐదక్షరాల పేరు, వెండి గిన్నె మీద చెక్కించాను కూడా. అది పెట్టిన బీరువా అర నేను తెరవను. ఈసారి పేరు మాటే ఎత్తొద్దని మా ఆయనకు చెప్పాను. ఆయన ఫోన్లో రెండక్షరాల కొత్త పేర్లు చూసుకుంటూ, నేను రాగానే ఫోను బోర్లించేవాడు.

పిల్ల పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. వెచ్చగా ఊపిరి తగిలేది. వేలు తీయగానే మళ్లీ అనుమానం. అన్నం తింటూ లేచిపోయి చూసి వచ్చేదాన్ని.

పదో రోజు, బాబుకు లేని రోజు, మా అత్తమ్మ నా ముందు కూర్చుంది.

"గిట్ల గాదు బిడ్డా. పిల్లను అమ్ముదాం."

పిల్లలు నిలవని ఇళ్లలో చేసే పనే అది. పిల్లను పెంట మీద పెట్టి, ఇంత తవుడుకో గింజలకో ఎవరికైనా అమ్మేస్తారు. కొన్నవాళ్లే పేరు పెట్టి, సాకమని మళ్లీ మన చేతికే ఇస్తారు. ఇక ఆ ఇంట్లో ఉన్నది మన పిల్ల కాదు. ఎవరిదో పనికిరాని సొత్తు. తీసుకుపోవడానికి వచ్చినవాడు చూసి, ఇదెందుకులే అని వెళ్లిపోవాలి.

నేను డిగ్రీ చదివాను. నమ్ముతావా అంటే నమ్మనంటాను. కానీ ఆ రోజు వద్దు అనడానికి నోరు రాలేదు.

బెల్లంపల్లిలో మా అత్తగారింటి దగ్గర ఇప్పుడు పెంటకుప్ప ఎక్కడిది? చెత్తబండి పొద్దున్నే ఊడ్చుకుపోతుంది. అందుకని అత్తమ్మ రెండు రోజుల చెత్త బండికి వేయకుండా పెరట్లో దాచిపెట్టింది. కొనడానికి మా వీధి మొదట్లో జొన్న రొట్టెలు చేసి అమ్మే పెద్దమ్మను పిలిచింది. ఆమెకు ఆరుగురు పిల్లలు, ఆరుగురూ బతికారు. ఆమెకూ నాకూ రోజూ జగడమే. నాలుగు రొట్టెలు కొని ఐదోది కొసరు అడిగేదాన్ని.

చాటలో పాత చీర గుడ్డ పరిచి, పిల్లను పడుకోబెట్టి, ఆ చాటను చెత్త మీద పెట్టాం. పెద్దమ్మ వచ్చి నిలబడింది.

"ఏమ్మా, పిల్లను అమ్ముతవా?"

"అమ్ముత."

నా కొంగులో పిడికెడు జొన్నలు పోసింది. 'తీస్కపో' అనాలి నేను. అంతే. అత్తమ్మ నాతో ముందే రెండుసార్లు అనిపించింది కూడా. తీరా నా నోటి నుంచి వచ్చిందేమిటంటే,

"పిడికెడేనా పెద్దమ్మా? ఇంకో పిడికెడు పొయ్యరాదు?"

అన్నాక గానీ తెలియలేదు. "నీ నోట్ల మన్నువడ" అంటూ అత్తమ్మ గోడకు ఆనుకుంది. ధర పెంచమన్నానంటే సరుకు మంచిదని నేనే చాటినట్టు కదా. ఇప్పటికే ఇద్దరిని తీసుకుపోయినవాడు విననే విన్నాడు. ఆ పెరట్లో, పట్టపగలు, నా వెనక ఎవరో నిలబడ్డారనిపించి తిరిగి చూడలేకపోయాను.

పెద్దమ్మ మాత్రం తొణకలేదు. చాట మీదికి వంగి మూతి విరిచింది.

"దీనికా? ఇంకో పిడికెడా? కాళ్లు జూడు, చీపురు పుల్లలు. ముక్కు జూడు, ఎవలో తొక్కినట్టు. ఏడ్వనీకె గూడ శాతగాదు దీనికి. గిసుంటిదాన్ని ఊకెనే ఇచ్చినా ఎవలు గొంటరు?"

నా కొంగులో చెయ్యి పెట్టి సగం జొన్నలు వెనక్కి తీసుకుంది.

"గింతే ఇస్త. ఇస్తె ఇయ్యి, లేకుంటె నే వోత. పెనం మాడుతుంది."

ఆమె ముఖంలో నవ్వు లేదు. నా నోరు చెడగొట్టిన బేరాన్ని ఆమె నా కోసం కిందికి లాగుతోంది. జన్మలో మొదటిసారి, తగ్గించిన ధరకు సరే అన్నాను.

"తీస్కపో పెద్దమ్మా. ఏం పిల్లో ఏమో. దీంతోని పరేషాన్ అయితుంది."

ఆమె చాట ఎత్తుకుని నడిచింది. గేటు దాటింది. నిజంగానే తీసుకుపోతుందేమోనని మరో భయం పుట్టింది. పరుగెత్తబోతే అత్తమ్మ నా రెక్క పట్టుకుంది. పిల్ల కనబడలేదు, ఏడుపూ వినబడలేదు. అప్పుడు పెద్దమ్మ తిరిగి లోపలికి వచ్చి, చాట నా చేతుల్లో పెట్టింది.

"నాకెందుకీ పీడ. నువ్వే సాదు. జొన్నలిచ్చి కొన్న, జొన్న అని పిలువు. ఇంకో పేరు వెట్టినవంటె ఊకోను."

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఫోను బోర్లించి, "రెండక్షరాలే కద," అన్నాడు. "నేను జూసినవాట్ల గిది లేకుండె."

ఇరవై రోజులు గడిచాయి. ఇరవై ఒకటో రోజు కూడా గడిచింది. ఎవరితోనూ ఆ మాట అనలేదు.

మూడో నెల వచ్చాక, పుట్టిన సర్టిఫికెట్ కోసం పిల్లను ఎత్తుకుని కరీంనగర్ మున్సిపల్ ఆఫీసుకు పోయాను. ఆ పొద్దుటి నుంచే దానికి దగ్గు. కాగితం చూసి గుమస్తా తల ఎత్తాడు.

"జొన్ననా? గిది పేరా అక్కా? రేపు బడిల పిల్లలు సతాయిస్తరు. జ్యోత్స్న అని రాస్త, మంచిగుంటది."

ఎంత బాగుంది ఆ పేరు. ఒక్క క్షణం ఆ పేరుతో పిలుస్తున్నట్టు ఊహించుకున్నాను. పిల్ల మళ్లీ దగ్గింది.

"జొన్ననే రాయి తమ్మీ."

అతను గట్టిగా చదువుతూ రాశాడు. వెనక వరసలో ఎవరో, "అయితె రెండో బిడ్డ సజ్జనా?" అన్నారు. అందరూ నవ్వారు. పిల్లను రొమ్ముకు అదుముకున్నాను. చిన్న డొక్కలు నా చేతి కింద లేస్తున్నాయి, పడుతున్నాయి. నవ్వండి అనుకున్నాను. ఇంకా గట్టిగా నవ్వండి, బయటికి వినపడేట్టు.