గంట కొట్టినప్పుడు చేతులు తియ్యాలి

మా పాత కంప్యూటరు ఇంకా పనిచేస్తుందంటే ఎవరూ నమ్మరు. మద్దిలపాలెంలోని మా మేడమీది వాటాలో, సముద్రపు గాలికి పెట్టె అంచులు తుప్పు పట్టినా, స్విచ్చి నొక్కితే లేస్తుంది. నా భార్య దాని మీదే మా చర్చికి తెలుగు కార్డులు కొట్టేది. పెళ్ళయినా, గృహప్రతిష్ఠయినా, జ్ఞాపకార్థ కూటమైనా ఆమె చేతి మీదుగా వెళ్ళాల్సిందే.

ఆ రోజుల్లో కంప్యూటరు ఒకసారికి ఒక పనే చేసేది. కొన్ని చిన్న ప్రోగ్రాములు మాత్రం మిషన్ లేవగానే మెమరీలో చేరి, మనం ఏ పని చేసుకుంటున్నా అక్కడే మకాం వేసేవి. అలాంటి గడియారం ఒకటి ఆమె పెట్టుకుంది. తెర మూలన టైము చూపిస్తూ గంటగంటకీ కుయ్యిమనేది. దానికీ తెలుగు టైపింగుకీ అస్సలు పడేది కాదు. కుయ్యిమంటున్నప్పుడు అక్షరం కొట్టామా, మిషన్ బిగుసుకుపోయేది. అప్పటిదాకా కొట్టిందంతా గంగపాలు.

తీసెయ్యమంటే వినేది కాదు. "అది లేపోతే నాకు టైమెలా తెలుత్తాది? గంటవుతంది, సేతులు తియ్యండి" అనేది, నేను కొడుతున్నప్పుడు కూడా. చేతులు తీశాక ఊరికే కూర్చోవడమెందుకని టీ పెట్టేది. అలా గంటకో టీ మా ఇంటి ఆచారమైపోయింది. పానకంలో పుడకలా ఆ గడియారమేమిటని ఎన్నిసార్లు విసుక్కున్నానో!

ఆమె పోయి ఏడాది కావస్తోంది. ఆమె జ్ఞాపకార్థ కూటం కార్డు కూడా ఆ మిషన్ అక్షరాల్లోనే ఉండాలని నేనే కూర్చున్నాను. సగం కొట్టానో లేదో కుయ్యిమంది. చేతులు తియ్యమనే మనిషి లేదు, నేను తియ్యలేదు. అంతా పోయింది. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ అంతే. మర్నాడు ఆదివారం, చర్చిలో కార్డులు పంచాలి. దిక్కుతోచక ఆమె తమ్ముడికి ఫోన్ చేశాను.

"ఏటి బావ, ఆ గడియారం తీసి పారేత్తే పోద్ది కదా! ఎందుకంత మొండికేత్తన్నావ్?" అన్నాడు.

తీసేశాను. ఇక ఏ అడ్డూ లేదు. ఆమె పేరు దగ్గర కూడా ఆగకుండా కొడుతూ పోయాను. ప్రింటు తీసి తలెత్తేసరికి గదిలో చీకటి పడింది. మధ్యాహ్నం నుంచి గుక్కెడు టీ తాగలేదు. లెమ్మన్నవాళ్ళు లేరు. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది.

టైపు చెయ్యడానికి ఇంకేమీ లేదు. అయినా గడియారాన్ని మళ్ళీ ఎక్కించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎప్పుడు కొడుతుందా అని కూర్చున్నాను.